గుమ్మడికాయ కింది వార్త

మా వీధిలో ముసలివాళ్ళను ఆ రోజు వార్తలేమిటని అడిగితే ఇప్పటికీ చెబుతారు. ఒక ఊళ్ళో గడియార స్తంభం కట్టి, గడియారం ముఖాన్ని లోపలివైపుకు బిగించారు. ఒక నది మీద ఇద్దరు మంత్రులు రెండు ఒడ్ల నుంచి ఒకే వంతెనను ప్రారంభించారు. నడుమ వంతెన లేదు. ఒక మేక టికెట్టు లేకుండా రైలెక్కింది.

చెప్పేటప్పుడు నవ్వుతారు. నవ్వాక మాట మార్చేస్తారు.

శతాబ్దం సగానికి వచ్చిన ఏడాది అది. ఆ రోజు పేపరు ఎక్కడైనా దొరికితే చూడండి. అందులో గడియారం ఉండదు. వంతెన ఉండదు. మేక అసలే ఉండదు. మొదటి పేజీ నడుమ ఒక గుమ్మడికాయ ఫొటో ఉంటుంది. పక్కన దాన్ని పండించిన మనిషి, కాయకంటే చిన్నగా. ఆ ఫొటో ఒక్కటే నిజం. మిగతా వార్తలన్నీ మా బాబాయి నోట్లోంచి వచ్చాయి.

బాబాయి చుట్టల ఫ్యాక్టరీలో పేపరు చదివే మనిషి. అలాంటి ఉద్యోగం ఒకటి ఉండేదంటే ఇప్పుడు నమ్మరు. పొడుగాటి హాలు, వరసలుగా బల్లలు, బల్లకిద్దరు. చుట్ట చుట్టేవాళ్ళకు చేతులకే పని. చెవులు ఖాళీ. ఖాళీ చెవులతో రోజంతా ఆకు ముందు కూర్చుంటే మనిషికి తన ఆలోచనలే వినిపించడం మొదలవుతాయి. అది మంచిది కాదని పనివాళ్ళే తలా కొంత వేసుకుని ఒక చదివే మనిషిని పెట్టుకున్నారు. హాలు ముందు ఒక చెక్క అరుగు, దాని మీద కుర్చీ. యజమానికి ఆ కుర్చీతో సంబంధం లేదు. అది పనివాళ్ళది.

బాబాయి మొదట చుట్టలు చుట్టినవాడే. కీళ్ళు బిగుసుకుపోయి వేళ్ళు వంగడం మానేశాయి. అందరూ కలిసి ఆయన్ను బల్ల ముందు నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన గొంతు అరవకుండానే చివరి వరస దాకా వెళ్ళేది. వార్త బాగుంటే జనం ఆకు కోసే కత్తి పిడితో బల్ల మీద కొట్టేవారు. అది మా చప్పట్లు.

ఆ కుర్చీకి ఒకటే షరతు. ఉన్నదాన్ని వదలకూడదు. లేనిదాన్ని కలపకూడదు.

బాబాయికి ఆ షరతు కష్టం కాదు. ఆయన సొంతంగా కలపడానికి ఏమీ లేని మనిషిలా ఉండేవాడు. ఇంట్లో మాటలు తూకం వేసి వాడేవాడు. "ఊరందరికీ గొంతు పోసేసి వస్తారు, నా వాటాకి దగ్గొక్కటే మిగుల్తుంది" అనేది పిన్ని. దానికీ ఆయన దగ్గి ఊరుకునేవాడు.

షరతుకు కాపలా ఈనెలక్క. ఆకులో ఈనె తీయడం ఆమె పని. ఆకును ఎడమచేతి మీద పరిచి, ఈనె కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే చిరగకుండా వచ్చేది. ఎప్పటినుంచో అదే పని కనుక అదే పేరు. ముందు వరసలో, అరుగుకు ఎదురుగా కూర్చునేది. నాది ఆమె పక్క చోటు. ఆమెకు చదువు రాదు. కానీ బాబాయి ఎక్కడ గుటక వేసినా పట్టుకునేది.

"ఏదో మింగావు తమ్ముడూ."

"జుట్టు నూనె ప్రకటనక్కా. వార్త కాదు."

"నాకు జుట్టు లేదనుకున్నావా? చదువు."

హాలంతా నవ్వేది. ఆమె నవ్వేది కాదు. జనం నవ్వుతుంటే, వాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డ మనిషిలా ఓపిగ్గా ఆగేది. ఆమె నవ్వగా మాలో చూసినవాళ్ళు లేరు. మొగుడు పోయి చాలా కాలమైంది. ఉన్నది ఒక్క కొడుకు. రైలు మార్గం చివర బొగ్గు గనుల్లో పనికి వెళ్ళాడు. "మావాడు రెండో గనిలో" అని ఎవరూ అడగకపోయినా చెప్పేది. మొదటి గనికంటే రెండోది లోతు. లోతుకు కూలి ఎక్కువ. ఆ విషయం హాల్లో పురుగుకు కూడా తెలుసు.

అక్కడికి రోజుకొకటే రైలు. మధ్యాహ్నం మా స్టేషన్లో కూత వేసి బయల్దేరితే పొద్దు వాలకముందు గనుల దగ్గరికి చేరుతుంది. ఆ కూతే మాకు అన్నం వేళ.

ఆ రోజు పేపరు ఎప్పటిలాగే మేం పనిలో కూర్చున్నాక సైకిలు మీద వచ్చింది. బాబాయి దాన్ని పెట్టెలు కొట్టే గదిలోకి తీసుకెళ్ళి, టీ తాగుతూ మనసులో ఒకసారి చదువుకునేవాడు. హాల్లో తడబడకూడదని. ఆ గదిలో జరిగింది ఆయనే తర్వాత చెప్పాడు.

గుమ్మడికాయ కింద, చిన్న అక్షరాల్లో ఉంది. రెండో గనిలో నిప్పు. దిగినవాళ్ళు ఎవరూ పైకి రాలేదు. పిలిస్తే లోపలి నుంచి జవాబు లేదు. నిప్పు ఆరాలంటే గాలి అందకూడదు కనుక, ఇవాళ చీకటి పడేలోగా గని నోరు ఇటుకలతో మూసేస్తారు. రాదలుచుకున్న బంధువులు ఈలోగా రావాలి.

టీ అలాగే ఉండిపోయింది. బాబాయి మేస్త్రీని పిలిచాడు. మేస్త్రీ చదివి టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు."

"సాయంత్రం గంట కొట్టాక చెప్పు."

"మధ్యాహ్నం రైలుంది కదా మేస్త్రీ."

"ఎక్కి?"

"చీకటి పడేలోగా మూసేస్తారట."

"మూసేలోగా వెళ్ళి ఏం చూస్తుంది? ఓ గొయ్యి. ఓ పొగ. ఆ పొగ కోసం అంత దూరం పరిగెత్తించాలా?" మేస్త్రీ గొంతు తగ్గించాడు. "నువ్వా కుర్చీలో కూర్చుని ఇది చదివావనుకో, హాల్లో ఒక్క చెయ్యి కదలదు. సాయంత్రం బండికి పెట్టెలు వెళ్ళాలి. వెళ్ళకపోతే మనిద్దర్నీ మెడ పట్టి గేటు బయట నిలబెడతారు. నీ వేళ్ళకి ఇంకెవడిస్తాడు పని?"

బాబాయి తన వేళ్ళ వైపు చూసుకున్నాడు.

"అయినా పేపరోళ్ళు రాసిందల్లా వేదమా? ఇవాళ పోయారంటారు. రేపు దొరికారంటారు. చూద్దాం ఉండు."

బాబాయి ఆ చివరి మాటను పట్టుకున్నాడు. పట్టుకుంటే అది నిలబడదని తెలిసీ పట్టుకున్నాడు. పేపరును గుమ్మడికాయ పైకి వచ్చేలా, దాని కింది భాగం వెనక్కి పోయేలా మడిచి హాల్లోకి వచ్చాడు.

కుర్చీలో కూర్చుని చివరి పేజీ నుంచి మొదలుపెట్టాడు. వాతావరణం. ఉల్లిగడ్డల ధర. పోయిన గొడుగు ఒకటి దొరికిందనీ, గుర్తులు చెప్పి తీసుకెళ్ళమనీ ప్రకటన.

"మొదటి పేజీ ఏమైంది తమ్ముడూ?" ఈనెలక్క ఆకు మీది నుంచి తల ఎత్తలేదు.

"వస్తున్నానక్కా."

"రోజూ ముందు నుంచి వస్తావు. ఇవాళ దొడ్డిదారినా?"

బాబాయి మడత పేజీని పైకెత్తి అందరికీ చూపించాడు. "మొదటి పేజీలో ఇవాళ గుమ్మడికాయ. పోటీలో గెలిచిందట. పక్కన నిలబడ్డవాడు దాన్ని పండించిన రైతు."

"నేను గుమ్మడికాయే వాణ్ణి పండించిందనుకున్నా" అన్నాడు వెనక వరసలోంచి పొట్టి బావ. ఆయన మాకెవరికీ బావ కాదు. అందరూ అలాగే పిలిచేవారు. "మా అత్తగారు అచ్చం ఇలాగే కూర్చుంటుంది బాబాయ్, ఎవ్వరూ కదపలేరు."

కత్తులు బల్లల మీద మోగాయి.

"కాయ సరే. దాని కింద ఏముంది?" అంది ఈనెలక్క.

బాబాయి పేజీ వైపు చూశాడు. చాలాసేపు చూశాడని నాకు గుర్తు.

"గడియారమక్కా" అన్నాడు.

అలా మొదలైంది. ఒక ఊరి సంఘంవాళ్ళు గడియార స్తంభం కట్టారు. అధ్యక్షుడి గది స్తంభం లోపల ఉంది. ఆయనకు టైము కనిపించడం ముఖ్యమని ముఖాన్ని లోపలివైపుకు బిగించారు. వీధిలో జనానికి గడియారం వీపు కనిపిస్తుంది. టైము కావలసినవాళ్ళు కాపలావాణ్ణి అడగాలి, కాపలావాడు గుమస్తాను అడగాలి, గుమస్తా అర్జీ పెట్టమంటాడు. అర్జీకి జవాబు వచ్చేసరికి టైము మారిపోతుంది. అందుకని జవాబుల్లో, 'తమరు అడిగిన సమయం ప్రస్తుతం అందుబాటులో లేదు' అని రాస్తున్నారు.

నవ్వులు లేచాయి. బాబాయి నవ్వలేదు. ఎప్పుడూ వార్త చదివే గొంతుతోనే చదివాడు. దానివల్ల ఇంకా నవ్వొచ్చింది. ఆయనలో ఇంత సరుకు ఉందని మాకు తెలియదు. తెలియదు కనుకే ఎవరికీ అనుమానం రాలేదు. కథలు చెప్పే అలవాటున్న మనిషైతే పట్టుకునేవాళ్ళం.

తర్వాత వంతెన వచ్చింది. ఇద్దరు మంత్రులు చెరో ఒడ్డునా రిబ్బన్లు కత్తిరించి, ఎదురెదురుగా నడిచి, వంతెన లేని చోట ఆగారు. తమరు రండంటే తమరు రండని ఒకరినొకరు మర్యాద చేసుకుంటున్నారు. ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు. భోజనాలు పడవ మీద పంపుతున్నారు.

మేస్త్రీ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. చేతులు ఆగలేదు. నవ్వే మనిషి చెయ్యి మామూలు మనిషి చేతికంటే చురుగ్గా కదులుతుందని ఆ రోజు తెలిసింది. పెట్టెలు నిండుతున్నాయి.

అప్పుడు స్టేషన్లో రైలు కూసింది.

మామూలుగా ఆ కూతకు బాబాయి పేపరు మడిచేవాడు, మేం సద్ది విప్పేవాళ్ళం. ఆ రోజు ఆయన మడవలేదు. కిటికీ వైపు తల తిప్పి అలాగే ఉండిపోయాడు. పొట్టి బావ, "ఏం బాబాయ్, నువ్వెక్కాల్సిన బండా?" అన్నాడు. బాబాయి పెదాలు కదిలాయి. ఈనెలక్క వైపు వంగాడు. ఏదో చెప్పబోతున్నాడనిపించింది. ఆమె ఈనె సగం లాగి, చెయ్యి ఆపి, ముఖం పైకెత్తి ఎదురుచూస్తోంది. నవ్వు తెలియని ఆ ముఖంలో అప్పటికే ఏదో సడలి ఉంది.

"రైలు" అన్నాడు బాబాయి. "రైల్లో మేక."

రెండో కూత వినిపించింది. తర్వాత చక్రాల చప్పుడు. అది దూరమయ్యేదాకా ఆయన మేక గురించి ఆపకుండా, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

ఒక మేక ఒంటరిగా రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంది. టికెట్టు కలెక్టరు వచ్చి టికెట్టు అడిగాడు. లేదు. జరిమానా రసీదు రాశాడు. పుచ్చుకోవడానికి దానికి చేతులు లేవు కనుక నోటికి అందించాడు. మేక తినేసింది. రసీదు లేనివాళ్ళకు జరిమానా వెయ్యాలన్నది నియమం. మళ్ళీ రాశాడు. మళ్ళీ తినేసింది. వచ్చే స్టేషనుకల్లా పుస్తకం అయిపోయింది. మేక మాత్రం ఇంకేమైనా రాస్తావా అన్నట్టు చూస్తోంది.

అన్నం తినేటప్పుడు కూడా ఆపొద్దన్నారు. ఆయన తినలేదు. మేకను కోర్టుకు తీసుకెళ్ళారు. ప్రభుత్వ కాగితాలు నాశనం చేసిందని అభియోగం. సాక్ష్యం ఏదని జడ్జి అడిగాడు. సాక్ష్యం ముద్దాయి కడుపులో ఉందన్నారు. మేక తరఫు వకీలు లేచి, "సాక్ష్యం కావాలంటే నా క్లయింటును కొయ్యాలి, కోస్తే ముద్దాయి గైర్హాజరవుతుంది, ముద్దాయి లేకుండా కేసు నడవదు" అన్నాడు. జడ్జి కళ్ళద్దాలు తుడుచుకుని, సరే, ముందు దాని వాంగ్మూలం రాసుకుని వేలిముద్ర వేయించండన్నాడు. గుమస్తా సిరా డబ్బా తెచ్చాడు. ఏ కాలిది వేయించాలో చట్టంలో లేదు. నాలుగూ వేయించాడు.

అప్పుడు నవ్వింది ఈనెలక్క.

చాలాకాలం తెరవని తలుపులా మొదట కిర్రుమంది. మేం అందరం ఆమె వైపు తిరిగాం. తర్వాత ఆ నవ్వు ఆగలేదు. కూలి రోజున ఆమె వేసేదీ వేలిముద్రే. "ఒక్క వేలి సిరాకే నాకు మర్నాటిదాకా వదలదు" అంది, ఊపిరి అందక. "పాపం దానికి నాలుగు కాళ్ళు!" కళ్ళలోంచి నీళ్ళు కారాయి. పొగాకు చేతులతో కళ్ళు ముట్టుకుంటే మండుతాయి కనుక మేం మోచేతి మడతతో తుడుచుకుంటాం. ఆమె రెండు మోచేతులూ వాడింది.

నేను బాబాయి వైపు చూశాను. ఆయన ముఖం చెమటతో తడిసిపోయి ఉంది. హాలు వేడిగా ఉందనుకున్నాను.

సాయంత్రం గంట కొట్టేసరికి పెట్టెలన్నీ బండికెక్కాయి. మేస్త్రీ అరుగు దగ్గరికి వచ్చి బాబాయి భుజం మీద చెయ్యి వేసి వెళ్ళాడు. జడ్జి ఇంకా తీర్పు చెప్పలేదు.

"ఇంతకీ మేక ఏమైంది తమ్ముడూ?" ఈనెలక్క చేతులు దులుపుకుంటూ అడిగింది.

"రేపు చెప్తానక్కా."

"రేపటి పేపర్లో వస్తుందా?"

"వస్తుంది."

"రాకపోతే నీ పని చెప్తా."

ఆమెకు ఎప్పుడూ లేని తొందర వచ్చింది. పక్కింటి వదినకు మేక సంగతి చెప్పాలి. బాబాయి కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. కాళ్ళు పట్టేశాయట. ఆయన గేటు దాకా వచ్చేసరికి ఆమె నా చెయ్యి పట్టుకుని వీధి మలుపు దాటింది.

వీధికి పొద్దున్నే తెలుసు. టీ కొట్టులో కూడా పేపరు వస్తుంది. ఆమె మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోయి ఉంటుందనుకున్నారు వాళ్ళు. ఫ్యాక్టరీలో చెప్పకుండా ఎలా ఉంటారు? కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని ఆమె గురించే తక్కువ గొంతుతో మాట్లాడుకుంటున్నారు. అప్పుడు ఆమె నవ్వుకుంటూ వీధిలోకి వచ్చింది.

"వదినా, ఇది విన్నావా! మేకకి నాలుగు కాళ్ళకీ సిరా పూశారట!"

కుళాయి కింద బిందె నిండి పొర్లుతోంది. ఎవరూ కుళాయి కట్టలేదు. పక్కింటి వదిన పరుగున వచ్చి ఆమెను వాటేసుకుంది.

"ఏడువు వదినా, నవ్వకు. నీ కాళ్ళు పట్టుకుంటా. ఏడిస్తే దిగుతుంది."

"ఎందుకే ఏడవడం? మేకే గెలిచేలా ఉంది."

"అయ్యో, మతి పోయింది తల్లికి" అన్నారు వెనకెవరో.

ఈనెలక్క ఆమె భుజం మీది నుంచి చూసింది. ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వెళ్ళింది. గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు చూపులు దించుకున్నారు. చివరికి నావైపు చూసింది. నాకేం తెలుసు. నేనూ నవ్వు ముఖంతోనే ఉన్నాను.

"ఏమైంది?"

వదిన చేతులు వదిలేసింది. ఆమె వెనక్కి తిరిగింది. వీధి మొదట్లో బాబాయి నిలబడి ఉన్నాడు. చేతిలో పేపరు. మడత విప్పి ఉంది. ఆమె ఆయన్ను చూడలేదు. పేపరును చూసింది. ముఖం మీది నవ్వు ఒక్కసారిగా పోలేదు. పొమ్మని చెప్పేవాళ్ళు లేక కాసేపు అక్కడే ఉండిపోయింది.

గోడల పైభాగాన ఇంకా ఎండ ఉంది.

మర్నాటి రైలుకు వదినను తోడు తీసుకుని వెళ్ళింది. ఆ పూట పేపర్లో ఎవరైనా దొరికారని రాలేదు. గని నోటికి కొత్త గోడ కట్టి ఉందట, తడి ఇంకా ఆరలేదట. అక్కడెవరూ ఆమెను ఆపలేదు. గోడకు అరచెయ్యి ఆనించి నిలబడిందట. తిరుగు ప్రయాణంలో ఒక్క మాటే అన్నదని వదిన చెప్పింది.

"గోడ వెచ్చగా ఉంది."

పనిలోకి తిరిగి వచ్చిన రోజున హాల్లో కత్తి చప్పుడు కూడా లేదు. బాబాయి అరుగెక్కి ఆ పూట పేపరు విప్పాడు.

"అది కాదు" అంది ఈనెలక్క. "ఆ రోజుది."

ఆయన దగ్గర ఉంది. చొక్కా లోపలే పెట్టుకుని తిరుగుతున్నాడు. తీసి విప్పాడు. మడతల దగ్గర చినిగింది.

"ముందొకటి చెప్పు తమ్ముడూ. నా కోసం దాచావా? పెట్టెల కోసం దాచావా?"

మేస్త్రీ గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

"మేస్త్రీ వద్దన్నాడు" అన్నాడు బాబాయి. "నాకూ నోరు రాలేదు. ఏది ఎంతో నాకే తెలీదక్కా."

"రైలు కూసినప్పుడు నా వైపు వంగావు."

"వంగాను."

"చెప్పబోయావు."

"చెప్పబోయాను."

"మరి?"

"నీ ముఖం చూశాను. ఎన్నడూ లేనిది, నవ్వబోతున్నట్టున్నావు."

ఈనెలక్క చేతిలో ఆకును బల్ల మీద పెట్టింది. "సరే. చదువు. ఏదీ మింగకు."

బాబాయి మొదటి పేజీ పై వరస నుంచి మొదలుపెట్టాడు. పేపరు పేరు, తేదీ. గుమ్మడికాయ. దాని బరువు, దాని రైతు. తర్వాత గని. నిప్పు సంగతి, జవాబు లేని సంగతి, ఇటుకల సంగతి. బంధువులు ఈలోగా రావాలన్న వాక్యం దగ్గర ఆయన గొంతు చివరి వరస దాకా వెళ్ళలేదు.

"మళ్ళీ చదువు" అన్నాడు పొట్టి బావ వెనక నుంచి. అతని గొంతులో వేళాకోళం లేదు.

మళ్ళీ చదివాడు.

"అది కాయ పక్కన ఉందా?" అంది ఈనెలక్క.

"కిందక్కా."

"అంటే ఆ రోజు నువ్వు పైకెత్తి చూపించినప్పుడు, అది నా ముందే ఉంది."

"మడత వెనక ఉంది."

ఆమె ఆకు అందుకుని ఈనె లాగింది. చిరిగింది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది.

బాబాయి పేపరు మొత్తం చదివాడు. జుట్టు నూనె ప్రకటన కూడా. చదివి, మడిచి, కుర్చీ మీద పెట్టి అరుగు దిగాడు. ఎవరూ దిగమనలేదు. ఎవరూ ఉండమనలేదు. ముందు వరస చివర ఈనెల బల్ల దగ్గర చోటు ఖాళీగా ఉంది. అక్కడ కూర్చున్నాడు. వంగని వేళ్ళతో ఈనె తీస్తే ఆకు సగం సగం చిరిగేది. చిరిగిన దానికి కూలి సగమే. మళ్ళీ ఎప్పుడూ అరుగెక్కలేదు.

కొత్తగా చదవడానికి వచ్చినతను గోడలాంటి మనిషి. చావైనా, పెళ్ళైనా ఒకటే గొంతు. అలాంటివాడే కావాలన్నారు. ఇంకో పని కూడా చేశారు. పేపరు రాగానే ముందు గేటు దగ్గర మేకుకు తగిలించాలి. పనివాళ్ళలో చదువొచ్చినవాళ్ళు ఎవరో ఒకరు చూశాకే అది హాల్లోకి రావాలి. మేస్త్రీ అడ్డం చెప్పాడు. కొట్టే రోజున పొట్టి బావ మేకు పట్టుకున్నాడు, సుత్తి మేస్త్రీ చేతికిచ్చాడు. మేస్త్రీయే కొట్టాడు.

బాబాయి, ఈనెలక్క ఒకే వరసలో ఏళ్ళ తరబడి కూర్చున్నారు. ఆమె ఆయనతో మాట్లాడలేదు. తిట్టనూ లేదు. ఆకుల కట్ట అయిపోతే తన కట్టలోంచి సగం ఆయన వైపు తోసేది, చూడకుండా. ఎప్పుడైనా ఎవరైనా కొత్తవాళ్ళు మేక సంగతి ఎత్తి నవ్వితే, చూపుడువేలు ఎత్తేది. నవ్వు ఆగిపోయేది.

తర్వాత చుట్టలు చుట్టే యంత్రాలు వచ్చాయి. వాటికి చెవుల్లేవు. ముందు చదివే మనిషి పోయాడు, తర్వాత మేం పోయాం, చివరికి ఫ్యాక్టరీయే పోయింది. గేటు మిగిలింది. మేకు ఇంకా ఉంది.

బాబాయి మంచాన పడ్డది ఆ తర్వాత. గొంతులో ఏదో పెరిగింది. వైద్యుడు దాని పేరు చెప్పాడు. పిన్ని ఆ పేరు ఎవరికీ చెప్పలేదు. ఆయన గొంతు గది చివరిదాకా కూడా వెళ్ళేది కాదు. దగ్గర కూర్చుని చెవి ఒగ్గాలి.

ఒక మధ్యాహ్నం ఈనెలక్క వచ్చింది. కర్ర పట్టుకుని, గుమ్మం పట్టుకుని, మెల్లగా. పిన్ని పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. నేను మంచం పక్కన కుర్చీ ఖాళీ చేశాను. ఆమె కూర్చుని కాసేపు ఊపిరి తీసుకుంది. ఎలా ఉన్నావని అడగలేదు.

"తమ్ముడూ" అంది. అన్నేళ్ళ తర్వాత ఆ పిలుపు. "ఇంతకీ మేక ఏమైంది?"

బాబాయి కళ్ళు తెరిచాడు.

"రేపు చెప్తానన్నావు."

"తెలీదక్కా" అన్నాడు. "గంట కొట్టేశారు."

"తెలియకపోవడమేంటి? నువ్వు కట్టిందేగా. ఆలోచించి చెప్పు. నాకు తొందరేం లేదు."

ఆయన కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. పిన్ని నీళ్ళ గ్లాసు తెచ్చి, ఇవ్వకుండా పట్టుకుని నిలబడింది. బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు.

"జడ్జి వదిలేశాడు" అన్నాడు బాబాయి.

"జరిమానా?"

"లేదు. మళ్ళీ రైలెక్కించమన్నాడు."

"టికెట్టు?"

"అడగొద్దన్నాడు."

ఆమె ముందుకు వంగింది. చెవి ఆయన నోటికి దగ్గరగా తెచ్చింది. "ఎక్కడ దిగింది?"

బాబాయి పెదాలు తడుపుకున్నాడు.

"లైను చివర" అన్నాడు. "గనుల దగ్గర."

ఈనెలక్క కదల్లేదు.

"ఎప్పటికి చేరింది?"

"చీకటి పడలేదక్కా" అన్నాడు. "ఇంకా వెలుతురుండగానే చేరింది."

ఆమె అలాగే వంగి, ఇంకేమైనా వస్తుందేమోనని విన్నది. ఇంకేమీ రాలేదు. వెనక్కి జరిగి కూర్చుని, అలవాటు ప్రకారం మోచేతి మడతతో ఒక కన్ను తుడుచుకుంది, తర్వాత రెండోది. చేతులకు పొగాకు లేక అప్పటికే ఎన్నో ఏళ్ళయింది.

పిన్ని చేతిలోంచి గ్లాసు తీసుకుని ఆమే ఆయన నోటికి పట్టింది.